ఆవగింజంత బరువున్న ఎముక.. అది బిగుసుకుంటే పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడదు! చెవిలోని ఆ మూడు ఎముకల కథ ఇదే

టీవీ సౌండ్ పెంచమని పదే పదే అడుగుతున్నారా? ఫోన్ ఒక చెవికి పెట్టుకుంటే సరిగా వినిపించక రెండో చెవికి మార్చుకుంటున్నారా? ఇంట్లో ఎవరైనా ఇలా చేస్తుంటే చాలామంది అనే మాట ఒక్కటే.. 'చెవి నరం పోయింది, ఇక అంతే'. కానీ ప్రతిసారీ నరమే కారణం కాదు. కొన్నిసార్లు అసలు లోపం కర్ణభేరి వెనకాల ఉన్న మూడు బుల్లి ఎముకల్లో ఉంటుంది.

మన శరీరం మొత్తంలో ఇవే అతి చిన్న ఎముకలు. వీటిలో ఒకటి అరిగినా, విరిగినా, బిగుసుకుపోయినా వినికిడి దెబ్బతింటుంది. అయితే ఇక్కడో మంచి వార్త కూడా ఉంది. వినికిడి లోపాల్లో ఆపరేషన్‌తో బాగుచేయగలిగే అవకాశం ఎక్కువగా ఉన్నవి ఈ ఎముకల వల్ల వచ్చేవే. అసలు ఇవి ఏం చేస్తాయి? ఎందుకు పాడవుతాయి? పాడైతే ఏం చేయాలి? వివరంగా చూద్దాం.

ఎక్కడ ఉంటాయి.. ఎంత ఉంటాయి?

చెవిని మూడు గదుల ఇల్లు అనుకోండి. బయటికి కనిపించే చెవి డొప్ప, లోపలికి వెళ్లే సన్నటి దారి కలిపి మొదటి గది. ఆ దారి చివర తలుపులా అడ్డంగా ఓ పల్చటి పొర ఉంటుంది. అదే కర్ణభేరి. దాని వెనకాల గాలితో నిండిన చిన్న గది ఉంటుంది. దీన్నే మధ్య చెవి అంటారు. ఇంకా లోపలికి వెళ్తే నత్తగుల్లలా చుట్టుకుని, ద్రవంతో నిండి ఉన్న మూడో గది వస్తుంది. దాని పేరు కాక్లియా. శబ్దాన్ని మెదడుకు అర్థమయ్యే సంకేతంగా మార్చే కణాలు ఉండేది ఇక్కడే.

మన మూడు ఎముకలు నడిమి గదిలో ఉంటాయి. కర్ణభేరి నుంచి కాక్లియా కిటికీ దాకా గొలుసులా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆకారాన్ని బట్టే వాటికి పేర్లు పెట్టారు. కర్ణభేరికి అతుక్కుని ఉండేది సుత్తి.. డాక్టర్లు మాలియస్ అంటారు. నడుమ ఉండేది దాగలి, అంటే కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ.. దీని పేరు ఇంకస్. చివరిది రికాబు.. గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే ఇనుప కడియంలా ఉంటుంది. దీన్ని స్టేపిస్ అంటారు. స్కూల్లో సైన్స్ పుస్తకంలో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని చదువుకున్నది వీటి గురించే.

ఇక సైజు విషయానికొస్తే.. స్టేపిస్ ఎత్తు దాదాపు 3 మిల్లీమీటర్లు. బరువు 3 మిల్లీగ్రాములు అటూ ఇటూ. అంటే ఒక ఆవగింజంత! మూడు ఎముకలూ కలిపి తూచినా రెండు మూడు బియ్యపు గింజల బరువే. శరీరంలోని 206 ఎముకల లెక్కలో రెండు చెవులవీ కలిపి 6 ఇవే.

మరో విశేషం ఏంటంటే, బిడ్డ పుట్టేసరికే ఇవి దాదాపు పెద్దవాళ్ల సైజుకు వచ్చేస్తాయి. కాళ్లు, చేతుల ఎముకల్లా వయసుతో పాటు పెరగవు. వీటి మధ్య ఉండే కీళ్లు కూడా మోకాలి కీలు తరహావే. ద్రవంతో కూడిన నిజమైన కీళ్లు. కాకపోతే మైక్రోస్కోప్ లేకుండా చూడటం కష్టం.

అసలు ఈ ఎముకలు ఎందుకు?

శబ్దం కర్ణభేరిని తాకుతుంది, అది లోపలికి వెళ్తుంది.. మరి మధ్యలో ఈ గొలుసు దేనికి? దీనికి సమాధానం చెరువులో ఈత కొట్టినవాళ్లకు తెలిసే ఉంటుంది. నీళ్లలో తల ముంచితే గట్టు మీద ఉన్నవాళ్లు ఎంత గట్టిగా పిలిచినా సరిగా వినపడదు. ఎందుకంటే గాలిలో వచ్చే శబ్దం నీటి ఉపరితలాన్ని తాకగానే దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. లోపలికి వెళ్లే శక్తి వెయ్యి వంతుల్లో ఒక వంతు మాత్రమే!

మన చెవికీ సరిగ్గా ఇదే సమస్య. బయట ఉన్నది గాలి. కాక్లియాలో ఉన్నది ద్రవం. గాలిలోని శబ్దం నేరుగా ఆ ద్రవాన్ని తాకితే దాదాపు 30 డెసిబెల్స్ మేర నష్టపోతుంది. అంటే పక్కన కూర్చుని గుసగుసలాడితే ఏమీ వినపడదన్నమాట. ఈ నష్టాన్ని పూడ్చడానికే ప్రకృతి ఈ మూడు ఎముకల ఏర్పాటు చేసింది.

ఎలా పూడుస్తాయి? ఇందులో రెండు ఉపాయాలు ఉన్నాయి.

మొదటిది.. డ్రాయింగ్ పిన్ సూత్రం. పిన్ను వెడల్పాటి తలపై బొటనవేలితో నొక్కితే, ఆ బలమంతా సన్నటి మొన దగ్గర పోగై గోడలోకి దిగిపోతుంది. ఇక్కడా అంతే. కర్ణభేరిలో శబ్దానికి కదిలే భాగం దాదాపు 55 చదరపు మిల్లీమీటర్లు. కాక్లియా కిటికీ మీద కూర్చునే స్టేపిస్ అడుగు భాగం 3.2 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. పెద్ద పొర మీద పడిన బలమంతా చిన్న కిటికీ మీద పడేసరికి ఒత్తిడి సుమారు 17 రెట్లు అవుతుంది.

రెండోది.. గడ్డపార సూత్రం. సుత్తి ఎముక పిడి, దాగలి ఎముక కాడ కన్నా కాస్త పొడవు. పొడవాటి గడ్డపారతో బండను సులువుగా లేపినట్టు ఇక్కడ మరో 1.3 రెట్లు బలం కలుస్తుంది. రెండూ హెచ్చిస్తే దాదాపు 22 రెట్లు. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 27 వరకు. అంటే గాలి నుంచి ద్రవంలోకి వెళ్లేటప్పుడు పోయిన దాంట్లో చాలా భాగం తిరిగి వచ్చేస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు.. ఎముకల పొందికతోనే ఇంత పని జరుగుతోంది.

ఈ యంత్రం ఎంత సున్నితమైందంటే, మనిషి వినగలిగే అతి చిన్న శబ్దానికి కర్ణభేరి కదిలే దూరం ఒక హైడ్రోజన్ పరమాణువు వ్యాసం కన్నా తక్కువ! ఆ కదలికను కూడా ఈ గొలుసు లోపలికి చేరవేస్తుంది.

పెద్ద శబ్దం వస్తే బ్రేక్ వేసే కండరాలు

ఈ ఎముకలకు రెండు చిన్న కండరాలు కూడా ఉన్నాయి. ఒకటి సుత్తిని పట్టుకుని ఉంటుంది. రెండోది స్టేపిస్‌ను పట్టుకుని ఉంటుంది. దీని పేరు స్టెపీడియస్. ఎముకలను కదిపే కండరాల్లో శరీరంలో ఇదే అతి చిన్నది. పొడవు దాదాపు 6 మిల్లీమీటర్లు.

చెవిలో పెద్ద శబ్దం పడగానే స్టెపీడియస్ బిగుసుకుని స్టేపిస్‌ను ఒక పక్కకు లాగి పట్టుకుంటుంది. దాంతో గొలుసు స్వేచ్ఛగా ఊగలేదు. లోపలికి వెళ్లే శబ్దం తగ్గుతుంది. మన సొంత మాటల శబ్దం మన చెవులకే మరీ మోతగా అనిపించకుండా కూడా ఈ కండరం పనిచేస్తుంది.

అయితే ఈ బ్రేక్‌కు రెండు పరిమితులు ఉన్నాయి. ఇది ప్రధానంగా బొంగురు శబ్దాలనే తగ్గిస్తుంది. పైగా పడటానికి దాదాపు సెకనులో పదో వంతు సమయం తీసుకుంటుంది. దీపావళి బాంబు పేలుడు అంతకన్నా ముందే లోపలికి వెళ్లిపోతుంది. బ్రేక్ పడేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో డీజే పక్కన గంటల తరబడి నిలబడితే, కండరం అలసిపోయి పట్టు సడలిస్తుంది. అందుకే 'మాకు అలవాటే, ఏం కాదు' అనే ధీమా చెవి విషయంలో పనికిరాదు.

తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు ఎందుకు మూసుకుపోతాయి?

ఎముకలు సరిగా కదలాలంటే కర్ణభేరికి రెండు వైపులా గాలి ఒత్తిడి సమానంగా ఉండాలి. దాని కోసం మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పేరు యూస్టేషియన్ నాళం. మామూలుగా మూసుకుని ఉండే ఈ గొట్టం మింగినప్పుడు, ఆవులించినప్పుడు తెరుచుకుంటుంది.

తిరుమల కొండ ఎక్కేటప్పుడు, అరకు ఘాట్ దాటేటప్పుడు, విమానం దిగేటప్పుడు బయటి ఒత్తిడి త్వరగా మారిపోతుంది. లోపలి గాలి ఆ వేగంతో సర్దుకోలేదు. కర్ణభేరి ఒక వైపుకు బిగుసుకుంటుంది. ఎముకల గొలుసూ బిగుస్తుంది. చెవి మూసుకుపోయినట్టు అనిపించేది అందుకే. ఉమ్మి మింగినా, బఠాణీలు నమిలినా 'టప్' మని తెరుచుకోవడానికి కారణం ఆ గొట్టం తెరుచుకోవడమే.

చిన్నపిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే ముక్కులోని క్రిములు సులువుగా చెవిలోకి చేరిపోతాయి. పిల్లలకు పెద్దల కన్నా ఎక్కువగా చెవిపోటు రావడానికి ఇదో ముఖ్య కారణం. ఈ గొలుసుకు వచ్చే కష్టాలు కూడా చాలాసార్లు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ఒకప్పుడు ఇవి దవడ ఎముకలు!

వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. పక్షులు, బల్లులు, కప్పల మధ్య చెవిలో ఒకే ఒక్క ఎముక ఉంటుంది. మూడు ఎముకలు ఉండేది క్షీరదాలకే.. మనిషి, ఏనుగు, ఎలుక, తిమింగలం, అందరికీ మూడే. మరి మిగతా రెండూ ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ చిక్కుముడిని విప్పింది జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ రైకర్ట్. 1837లో ఆయన పిండం ఎదుగుదలను పరిశీలించి, సరీసృపాల్లో దవడ కీలుగా పనిచేసే రెండు ఎముకలే క్షీరదాల్లో సుత్తి, దాగలిగా మారాయని చూపించారు. తర్వాత దొరికిన శిలాజాలు దీన్ని బలపరిచాయి. 20 కోట్ల ఏళ్ల కిందటి మోర్గానుకోడాన్ అనే ఎలుక లాంటి జీవికి దవడకు పాత కీలు, కొత్త కీలు రెండూ ఉన్నాయి. నమలడానికి కొత్త కీలు స్థిరపడ్డాక, పాత ఎముకలు చిన్నవై, దవడ నుంచి విడిపోయి, వినికిడి పనికే అంకితమయ్యాయి.

తల్లి కడుపులోని మనిషి పిండంలో కూడా సుత్తి ఎముక మొదట కింది దవడ మృదులాస్థికి అతుక్కునే తయారవుతుంది. తర్వాత విడిపోతుంది. ఆ మార్పుల కాలానికి చెందిన తొలితరం క్షీరదాల ఆనవాళ్లు మన దగ్గరా ఉన్నాయి. తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దులోని ప్రాణహిత-గోదావరి లోయలో 'కోటా' రాతి పొరల నుంచి జురాసిక్ యుగపు చిన్న క్షీరదాల పళ్లు బయటపడ్డాయి.

ఇక మనుషులు ఈ ఎముకలను గుర్తించింది కూడా ఆలస్యంగానే. శరీర నిర్మాణ శాస్త్రానికి కొత్త దారి వేసిన వెసాలియస్ 1543లో తన పెద్ద గ్రంథం అచ్చు వేసేనాటికి ఆయనకు సుత్తి, దాగలి మాత్రమే తెలుసు. మూడోది కంటికి ఆనలేదు. 1546లో ఇటలీలోని నేపుల్స్‌లో ఇంగ్రాసియా అనే వైద్యుడు స్టేపిస్‌ను గుర్తించారు.

ఎప్పుడు పాడవుతాయి? మూడు ప్రధాన కారణాలు

ఒకటి.. చెవి కారడం. మన దగ్గర ఎక్కువగా నిర్లక్ష్యం చేసే సమస్య ఇదే. 'చిన్నప్పటి నుంచీ కారుతూనే ఉంటుంది, అదే తగ్గుతుంది' అని వదిలేస్తారు. కానీ ఏళ్ల తరబడి చీము ఉంటే కర్ణభేరికి రంధ్రం పడటంతో ఆగదు, ఎముకలూ తరిగిపోతాయి. ముందుగా దెబ్బతినేది ఎక్కువగా దాగలి ఎముక సన్నటి కాడ. దానికి రక్త సరఫరా తక్కువ. అది తరిగిపోతే గొలుసు తెగిపోయినట్టే. స్టేపిస్ బాగానే ఉన్నా దానికి కబురు అందదు.

ఇందులో ఇంకా ప్రమాదకరమైంది కొలెస్టియాటోమా. మధ్య చెవిలోకి చర్మం చొచ్చుకుని వచ్చి, పొరలు పొరలుగా పేరుకుని గడ్డలా పెరుగుతుంది. ఇది క్యాన్సర్ కాదు. కానీ చుట్టూ ఉన్న ఎముకను తినేస్తూ పోతుంది. చెవి నుంచి కొద్దిగానే అయినా దుర్వాసనతో చీము వస్తుంటే దీన్ని అనుమానించాలి. వదిలేస్తే ముఖం కండరాలను నడిపే నరం దెబ్బతిని మూతి వంకర పోవచ్చు. చీము మెదడు దాకా పాకి ప్రాణాల మీదకు రావచ్చు.

రెండు.. దెబ్బలు. బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం మానినా లోపల దాగలికి, స్టేపిస్‌కు మధ్య కీలు ఊడిపోయి ఉండొచ్చు. హెల్మెట్ కాపాడేది తలనే కాదు, వినికిడిని కూడా. చెవి మీద బలంగా కొట్టిన చెంపదెబ్బ కర్ణభేరిని చించేయగలదు. పిల్లలను చెవి మీద కొట్టొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పేది అందుకే. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ చెవిలో తిప్పుతుంటే పక్కనున్నవాళ్ల చెయ్యి తగిలిందంటే.. పుల్ల కర్ణభేరిని దాటి ఎముకల దాకా వెళ్తుంది.

కర్ణభేరి బాగానే ఉండి లోపల గొలుసు మాత్రం తెగిపోతే, వినికిడి 60 డెసిబెల్స్ వరకు పడిపోవచ్చు. మనం మామూలుగా మాట్లాడుకునే శబ్దం కూడా దాదాపు అంతే. అంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా ఆ చెవికి అందీ అందనట్టు ఉంటుందన్నమాట.

మూడు.. ఒటోస్క్లెరోసిస్. ఇందులో చీము ఉండదు, నొప్పి ఉండదు. స్టేపిస్ అడుగు భాగం చుట్టూ కొత్త ఎముక పెరిగి, అది కిటికీకి అతుక్కుపోతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన తలుపులా కదలడం మానేస్తుంది. ఎక్కువగా యుక్తవయసులో, నడివయసులో బయటపడుతుంది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. కుటుంబంలో ఒకరికి ఉంటే ఇంకొకరికి వచ్చే అవకాశం ఉంది.

డప్పు మోగితేనే భర్త మాట వినిపించేది!

ఒటోస్క్లెరోసిస్ లాంటి ఎముకల లోపానికి ఓ విచిత్రమైన గుర్తు ఉంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కన్నా, మోతగా ఉన్న చోట వీళ్లకు మాటలు బాగా వినిపిస్తాయి! 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ ఒక మహిళ గురించి రాశారు. పక్కన డప్పు మోగుతుంటేనే ఆమెకు భర్త మాటలు వినిపించేవట. అందుకోసం ఆ భర్త ఇంట్లో డప్పు కొట్టే మనిషిని పెట్టుకున్నాడట.

దీని వెనక మాయ ఏమీ లేదు. మోతగా ఉన్నచోట అందరూ గొంతు పెంచి మాట్లాడతారు. చుట్టూ ఉన్న గోల మాత్రం ఎముక బిగుసుకున్న చెవికి అంతగా అందదు. పెంచిన గొంతు మాత్రం అందుతుంది. బస్సులో, మిల్లులో బాగా వినిపించి, రాత్రిపూట ఇంట్లో వినిపించకపోతే ఈ కోణంలో ఆలోచించాలి.

ఇంకో తేడా కూడా గమనించొచ్చు. నరం దెబ్బతిన్నవాళ్లు తమ గొంతు తమకే వినపడక గట్టిగా మాట్లాడతారు. ఎముకల లోపం ఉన్నవాళ్లు తరచూ మెల్లగా మాట్లాడతారు. ఎందుకంటే వాళ్ల గొంతు పుర్రె ఎముకల ద్వారా వాళ్లకు గట్టిగానే వినిపిస్తుంటుంది.

ఇప్పుడే చేసి చూడొచ్చు!

పుర్రె ద్వారా వినడం అంటే ఏంటో తెలుసుకోవాలంటే చిన్న పరీక్ష. నోరు మూసి 'మ్..' అని సాగదీయండి. అలా అంటూనే ఒక చెవిని వేలితో మూయండి. శబ్దం మూసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది! శబ్దం గాలి దారిన కాకుండా ఎముక దారిన నేరుగా కాక్లియాకు చేరుతోంది. వేలు అడ్డుపెట్టడంతో ఆ శబ్దం బయటికి పోలేక అక్కడే నిలిచింది. మన గొంతును ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే 'ఇది నా గొంతేనా' అనిపించడానికి కారణం కూడా ఇదే. రోజూ మనం వినేది గాలి దారి, ఎముక దారి రెండూ కలిసిన గొంతు. రికార్డింగ్‌లో ఒక్క గాలి దారే ఉంటుంది.

డాక్టర్లు వాడే ట్యూనింగ్ ఫోర్క్ పరీక్ష వెనక ఉన్నది కూడా ఇదే సూత్రం. మోగుతున్న ఫోర్క్‌ను చెవి ముందు పెడతారు, తర్వాత చెవి వెనక ఎముకకు ఆనిస్తారు. మామూలు చెవికి ముందు పెట్టినప్పుడే బాగా వినిపించాలి. వెనక ఆనించినప్పుడు ఎక్కువ వినిపిస్తే, నరం బాగానే ఉన్నా దారిలో అడ్డంకి ఉందని అర్థం. 1855లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ రిన్నే వివరించిన ఈ పరీక్షకు ఇప్పటికీ నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత ఆడియోమెట్రీతో ఎంత లోపం ఉందో లెక్క తేలుస్తారు. అవసరమైతే సీటీ స్కాన్ చేస్తారు.

అనుకోకుండా కదిలిన ఎముక.. మారిన వైద్యం

బిగుసుకున్న స్టేపిస్‌ను తీసేయాలన్న ప్రయత్నాలు 19వ శతాబ్దం చివర్లోనే జరిగాయి. అప్పట్లో యాంటీబయాటిక్స్ లేవు, ఆపరేషన్‌కు తగిన మైక్రోస్కోపులు లేవు. ప్రమాదకరమని పెద్ద వైద్యులు వ్యతిరేకించడంతో ఆగిపోయాయి.

1952లో న్యూయార్క్ డాక్టర్ శామ్యూల్ రోజెన్ ఒక పేషెంట్‌కు స్టేపిస్ బిగుసుకుందో లేదో చూడటానికి పరికరంతో మెల్లగా తాకారు. మత్తు చెవి వరకే ఇచ్చారు కాబట్టి పేషెంట్ మెలకువగానే ఉన్నారు. ఎముక అనుకోకుండా కదిలింది. వెంటనే ఆ పేషెంట్ తనకు వినిపిస్తోందని చెప్పారు! అయితే అలా కదిపిన ఎముక చాలామందిలో మళ్లీ బిగుసుకునేది.

దీనికి శాశ్వత మార్గం చూపింది అమెరికాలోని మెంఫిస్‌కు చెందిన డాక్టర్ జాన్ షే. 1956 మే 1న ఒక మహిళకు స్టేపిస్‌ను పూర్తిగా తీసేసి, దాని స్థానంలో టెఫ్లాన్‌తో చేసిన ఎముకను అమర్చారు. నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూత కూడా ఈ టెఫ్లానే. ఇప్పుడు స్టేపిస్‌ను మొత్తం తీయకుండా, అడుగు భాగంలో చిన్న రంధ్రం చేసి, టెఫ్లాన్ లేదా టైటానియంతో చేసిన సన్నటి పిస్టన్‌ను దాగలికి తగిలిస్తున్నారు.

అనుభవమున్న సర్జన్ల చేతిలో దాదాపు పదిలో తొమ్మిది మందికి వినికిడి బాగా మెరుగవుతుంది. అయితే రిస్క్ లేదని కాదు. వందలో ఒకరికి అటూ ఇటూ ఆ చెవి వినికిడి పూర్తిగా పోవచ్చు. కొన్నాళ్లు కళ్లు తిరగొచ్చు. నాలుక రుచి కూడా కొంతకాలం మారొచ్చు. ఎందుకంటే నాలుక ముందు భాగం రుచిని మోసుకెళ్లే నరం సుత్తికి, దాగలికి మధ్య నుంచే వెళ్తుంది. ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు హియరింగ్ ఎయిడ్ కూడా బాగానే పనిచేస్తుంది. నరం బాగుంది కాబట్టి శబ్దం పెంచితే చాలు.

చీము వల్ల ఎముకలు తరిగిపోయిన కేసుల్లో ముందు ఇన్ఫెక్షన్‌ను పూర్తిగా తొలగిస్తారు. కర్ణభేరికి కొత్త పొర అతికిస్తారు. తెగిన గొలుసును పేషెంట్ సొంత ఎముక ముక్కను చెక్కి గానీ, టైటానియంతో గానీ మళ్లీ కలుపుతారు. అయితే స్టేపిస్ మిగిలి ఉన్నవాళ్లకు ఫలితం బాగుంటుంది. మూడూ పోయాక వస్తే కష్టం. ఆలస్యం చేయొద్దని చెప్పేది అందుకే.

చేయకూడనివి.. చేయాల్సినవి

చెవిలో కాచిన నూనె, వెల్లుల్లి నూనె, ఆకు పసర్లు పోయకండి. కర్ణభేరికి రంధ్రం ఉంటే అవి నేరుగా ఎముకల గదిలోకి వెళ్తాయి. ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

గులిమి తీయడానికి పుల్లలు, పిన్నీసులు, తాళం చెవులు వాడకండి. గులిమి చాలావరకు తనంతట తానే బయటికి వస్తుంది. గట్టిపడితే డాక్టర్ తీస్తారు.

చెవి కారుతున్నవాళ్లు తలస్నానం చేసేటప్పుడు చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి. దూదికి కాస్త వ్యాజిలిన్ రాసి చెవి ద్వారం దగ్గర పెట్టుకోవచ్చు. చెరువుల్లో, స్విమ్మింగ్ పూల్స్‌లో మునగకూడదు.

పసిపిల్లలకు పూర్తిగా పడుకోబెట్టి పాలు పట్టకండి. తల కాస్త పైకి ఉండేలా ఒళ్లో పెట్టుకుని పట్టాలి.

చెవి రెండు వారాలకు మించి కారుతున్నా, చీము దుర్వాసన వస్తున్నా, తలకు దెబ్బ తగిలాక వినికిడి తగ్గినా, పిల్లలు పిలిస్తే పలకకపోయినా, క్లాసులో వెనకబడుతున్నా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి. చెవి కారేవాళ్లకు మూతి వంకర పోవడం, కళ్లు తిరగడం, తీవ్రమైన తలనొప్పి, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కసారిగా ఒక చెవి వినపడటం మానేస్తే అది నరం సమస్య కూడా కావచ్చు.. దానికి ఒక్క రోజు ఆలస్యం కూడా నష్టమే.

ఖర్చుకు భయపడి ఆగిపోవాల్సిన పని లేదు. చెవుడు నివారణ కోసం కేంద్రం 2006-07లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల ద్వారా అమలవుతోంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఆపరేషన్ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్య మిత్రను అడిగి తెలుసుకోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్స, సాయం అవసరమైన స్థితిలో ఉన్నారు. పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం ముందే అడ్డుకోగలిగినవేనని ఆ సంస్థ చెబుతోంది. అందులో చెవి ఇన్ఫెక్షన్లది పెద్ద వాటా.

కాబట్టి ఇంట్లో ఎవరైనా 'ఆఁ.. ఏంటీ?' అని రెండుసార్లు అడిగితే విసుక్కోకండి. 'చెవిటి' అని ఎగతాళి చేయకండి. ఒక్కసారి పరీక్ష చేయించండి. లోపం నరంలో కాకుండా ఆవగింజంత ఎముకలో ఉందని తేలితే, ఆ మనిషి మళ్లీ మీ మాట వినగలిగే దారి ఉంది.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చెవికి సంబంధించి ఏ ఇబ్బంది ఉన్నా ఈఎన్‌టీ డాక్టర్‌ను సంప్రదించి, వారి సలహా మేరకే మందులు, చికిత్స తీసుకోవాలి.